మగ్గం అర్రలో ఇరవై తొమ్మిది అంగుళాలు

"ఎన్ని అంగుళాల టీవీ కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పని మానేసి ఇంట్లో కూర్చున్న ముసలివాడికి ఇంత కోపం ఎందుకని మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. టీవీలు అమ్మి, బిగించి, బాగుచేసి బతికినవాణ్ణి నేను. వనపర్తిలో మొదలుపెట్టాను. గద్వాలలో చాలాకాలం, నాగర్‌కర్నూల్లో కొంతకాలం పనిచేశాను. మూడుచోట్లా దుకాణం ఒకే సేటుది. మొన్న మా వీధిలో కొత్తగా టీవీల కొట్టు పెట్టిన పిల్లలు సలహా అడగడానికి వచ్చారు. వాళ్ళకు చెబుదామని మొదలుపెడితే కోపం వచ్చి మాట సాగలేదు. అందుకే రాస్తున్నాను. కాగితం మీదైతే అరిచినా ఎవరూ లేచిపోరు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ సంగతి ఇది. ఇప్పటి టీవీ క్యాలెండరులాగా గోడకు వేలాడుతుంది. అప్పటి టీవీకి వెనక పెద్ద పొట్ట ఉండేది. పద్నాలుగు అంగుళాలదైతే ఒక మనిషి చంకలో పెట్టుకుని పోవచ్చు. ఇరవై ఒకటి మధ్యరకం. ఇరవై తొమ్మిది అంగుళాల డబ్బాను దింపాలంటే ఇద్దరు హమాలీలు కావాలి, దాన్ని పెట్టాలంటే గోడ నుంచి మూరకు పైగా జాగా వదులుకోవాలి. ఈ సంగతి కొనేవాళ్ళకు తెలియదు. అమ్మేవాళ్ళు చెప్పరు.

గోపాల్‌పేట దగ్గర ఒక రైతు కొత్త ఇల్లు కట్టించుకుంటూ హాలు గోడలో సిమెంటు షోకేసు చేయించాడు, మధ్యలో టీవీకి ఒక అర వదిలించాడు. అర కొలత ఎక్కడిదంటే బావమరిది ఇంట్లో ఉన్న చిన్న టీవీది. పల్లీ పంట బాగా వచ్చిన ఏడు ఇరవై ఒకటి కొన్నాడు. అది అరలో పట్టలేదు. మేస్త్రీని పిలిచి అరను పెద్దది చేయించి, వెనక గోడను కూడా పగలగొట్టించాడు. టీవీ ముఖం హాల్లో, పొట్ట వంటింట్లో. వెచ్చగా ఉంటుందని ఆ పొట్ట మీద ఇంటావిడ మసిగుడ్డలు ఆరేసుకునేది. నేను వెళ్ళి నెత్తీ నోరూ కొట్టుకుని ఆ గుడ్డలు తీయించాను. ఇలాంటివి చూసీ చూసీ నేనొక పద్ధతి పెట్టుకున్నాను. టీవీ అమ్మేముందు గది అడిగేవాణ్ణి. అడుగులు చెప్పమంటే ఎవరికీ తెలిసేది కాదు, అందుకే మంచాల లెక్క అడిగేవాణ్ణి. "నువ్వు కూసునే కాడికెళ్ళి టీవీ దాకా ఎన్ని మంచాలు పడతయి?" ఒక మంచం పొడుగైతే పద్నాలుగు. మంచమున్నర అయితే ఇరవై ఒకటి. రెండు మంచాలు పడితేనే ఇరవై తొమ్మిది. శ్రీరంగాపూర్ నుంచి బల్మూర్ దాకా ఈ లెక్క అర్థం కానివాళ్ళు నాకు కనబడలేదు. మా సేటు కూడా దాన్ని నేర్చుకుని, తన సొంత తెలివిలాగా గిరాకీలకు చెప్పేవాడు.

గద్వాల దుకాణానికి ఒకరోజు ఒక నేతగాడు, ఆయన భార్య వచ్చారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, అన్నీ ఆవిడే మాట్లాడింది. టీవీలన్నీ వెలుగుతున్న వరుస ముందు నిలబడి పెద్దవాటి వైపు చూడనైనా చూడలేదు. సూటిగా పద్నాలుగు అంగుళాలదాని దగ్గరికి పోయి, చెయ్యి చాచి జానతో కొలిచింది. అడ్డం, పొడుగు, తర్వాత వెనక పొట్ట.

"గిది మా గూట్ల పడ్తది" అంది భర్తతో.

"గూడు యాడుంది చెల్లె? మీరు కూసునే కాడికి ఎంత దూరం?" అని నా అలవాటు ప్రకారం అడిగాను.

"మగ్గం పక్క గోడకుంటది అన్నా. నేను అంచు కాడ కూసుంట. తల లేపితే కనవడాలె, దించితే పని కనవడాలె. గంతే."

ఇంత స్పష్టంగా తన గది సంగతి చెప్పిన గిరాకీ నా సర్వీసులో మరొకరు లేరు. అయినా ఒకసారి చూద్దామని సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. రెండు అర్రల ఇల్లు. లోపలిది వంట అర్ర, అందులోనే ఆయన తల్లి పడుకుంటుంది. ముందు అర్ర నిండా మగ్గం. చూడనివాళ్ళ కోసం చెబుతాను. నేలలో గుంట ఉంటుంది, నేసేవాడు గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేసి తొక్కుతుంటాడు. ఆయన ముందు నుంచి పడుగు దారాలు అర్ర పొడుగంతా సాగి, ఎదుటి గోడ దగ్గర పాతిన గుంజకు బిగించి ఉంటాయి. గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెండింటి దారాలనూ ప్రతి వరుసలో ఒకదానికొకటి మెలేసి కలపాలి. అందుకు పక్కన ఇంకొకరి చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఆవిడది. ఆయన దారపు కండె ఉన్న నాడెను అటూ ఇటూ విసురుతుంటే ఆవిడ అంచు దగ్గర దారం అందుకుని మెలేస్తోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు, అవసరం లేదు. నేను ఎంతసేపు నిలబడి చూశానో నాకే తెలియదు. గూడు దగ్గరికి పోయి చూస్తే ఆవిడ జాన తప్పలేదు, పద్నాలుగు అంగుళాలది అందులో ఒదిగి కూర్చుంటుంది. దసరాకు తెచ్చి బిగిస్తానని మాట ఇచ్చాను.

ఇక్కడిదాకా అంతా బాగుంది. ఇక నాకు కోపం తెప్పించినవాళ్ళు వస్తారు.

మా సేటు గోదాములో ఇరవై తొమ్మిది అంగుళాలవి పేరుకుపోయి ఉన్నాయి. ఆ దసరాకు అవి ఖాళీ చేస్తే కంపెనీవాళ్ళు సింగపూర్ తీసుకుపోతామన్నారు. అదే ఊళ్ళో ఒక చీరల సావుకారు ఉన్నాడు. నేతగాళ్ళకు నూలూ పట్టూ ఇచ్చేది ఆయనే, నేసిన చీర తీసుకునేదీ ఆయనే. సేటుకు దోస్తు. ఇద్దరూ కలిసి చాయ్ తాగుతూ ఒక గొప్ప ఆలోచన చేశారు. సావుకారు తన దగ్గర మంచి పనివాళ్ళు అనుకున్న వాళ్ళందరికీ దసరా కానుకగా టీవీ ఇస్తాడు. అన్నీ ఇరవై తొమ్మిదే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ నేతగాళ్ళ కష్టంతో వచ్చిందే ఆ నేతగాళ్ళకు కానుక. కానుక పొందేవాళ్ళలో నా నేతగాడూ ఉన్నాడు.

నాకు తెలియగానే సేటు దగ్గరికి పోయాను. "సేట్, గా ఇల్లు నేను చూసిన. అండ్ల పద్నాలుగే పడ్తది. సావుకారుకు చెప్పుండ్రి."

సేటు నవ్వాడు. "ఆ అర్ర పొడుగెంత?"

"రెండు మంచాల పైనే ఉంటది, గని..."

"మరి ఇంకేంది? నీ లెక్కనే గద! రెండు మంచాలు పడితే ఇరవై తొమ్మిది. నువ్వే చెప్పినవ్."

"గా పొడుగు ఖాళీ జాగ కాదు సేట్. అండ్ల పడుగు ఉంటది."

"పడుగు ఉంటే పడుగు మీదికెళ్ళి చూస్తరు. చల్, పరేషాన్ గాకు."

నా లెక్కతో నా నోరే మూయించాడు. మనుషులు కూర్చుని చూడటం తప్ప ఇంకే పనీ చేయని గదుల కోసం నేను పెట్టుకున్న లెక్క అది. పని జరిగే గదిని ఎలా కొలవాలో దానికి తెలియదు. కానీ సేటుకు తెలుసు, నేను చెప్పాను. సావుకారుకైతే చెప్పక్కర్లేదు, ఆయన ఆ అర్రలోకి వారానికొకసారి పోయి ఎంత నేశారో చూసి వచ్చేవాడు. ఏడాది పొడుగునా ఆ గుంజను దాటుకుంటూ నడిచిన మనిషి.

పండగ ముందురోజు పొద్దున ఆటో ట్రాలీలో డబ్బా పోయింది. వెనక నేను, ఇద్దరు హమాలీలు. మా వెనక సావుకారు, సేటు, ఫొటోలు తీసేవాడు. దర్వాజ చిన్నది, డబ్బా పట్టక అట్టపెట్టె బయటే చించేశారు. లోపలికి తెచ్చాక తెలిసింది ఎక్కడా పెట్టే చోటు లేదని. పక్క గోడకు పెడితే మగ్గం దగ్గరికి పోయే దారి మూసుకుపోతుంది. వంట అర్రలో పెడితే పొగ, పైగా ముసలమ్మ మంచం తీసేయాలి. మిగిలింది ఒక్కటే, ఎదుటి గోడ. అక్కడ గుంజ ఉంది. గుంజకు పడుగు ఉంది. పడుగు మీద సగం నేసిన చీర ఉంది.

"గా గుంజ తీస్తే అయిపాయె గద" అన్నాడు సావుకారు.

నేతగాడు నేల చూస్తున్నాడు. నేనే నోరు తెరిచాను. "గుంజ తీస్తే మగ్గం ఎట్ల నడుస్తది సావుకారూ? టీవీ వద్దు అంటలేరు వాళ్ళు, చిన్నది చాలంటున్నరు. గూట్ల పడ్తది, నేను కొలిచిన. మారుద్దాం."

"నా పనోళ్ళ ఇంట్ల చిన్న టీవీ ఉంటదా?" అన్నాడు ఆయన. కోపంగా కాదు, ముద్దుగా అన్నాడు. "మగ్గం గురించి ఫికర్ జేయకు. మన కార్ఖానల జాగ ఉంది. పడుగు గాడికి తెచ్చుకోని నేస్తడు. ఇల్లు ఇశాలమైతది."

కార్ఖానా అంటే ఆయన కట్టించిన రేకుల షెడ్డు. వరసగా మగ్గాలు, అందరూ మగవాళ్ళే. పక్క చేతికి కూడా మగ పనివాళ్ళే ఉంటారు.

అప్పుడు ఆవిడ అడిగింది. "మరి నేను?"

"నువ్వు హాయిగ ఇంట్ల కూసోని టీవీ చూడు బిడ్డా. ఇన్నొద్దులు కష్టపడ్డవ్ గద."

సేటు నవ్వాడు. ఫొటోలు తీసేవాడు నవ్వాడు. హమాలీలు కూడా నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు కూడా నా కలం కాగితాన్ని చింపుతోంది. ఒక మనిషి చేతిలోంచి పని లాక్కుని, దానికి సుఖం అని పేరు పెట్టి, ఆ మనిషి ముందే నవ్వడానికి ఎంత ధైర్యం కావాలి!

నేను అరిచాను. "ఇది అర్ర అనుకుంటున్నరా, మీ గోదాం అనుకుంటున్నరా? మీ సింగపూర్ కోసం వీళ్ళ మగ్గం పీకుతరా?" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, ఉర్దూలో కూడా అన్నాను. సేటు ముఖం నల్లబడింది.

"నీకు జీతం టీవీ పెట్టనీకి ఇస్తున్న. గది కొలవనీకి కాదు" అన్నాడు.

నేను స్క్రూడ్రైవరు కింద పడేసి వీధిలోకి వచ్చేశాను. వెనకనే నేతగాడు వచ్చాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు.

"భాయ్, జర ఊకో. నీ దండం పెడ్త. నూలు ఆయన ఇయ్యాలె, చీర ఆయన తీస్కోవాలె. నీకేంది, ఈ దుకాణం కాకుంటే ఇంకో దుకాణం. మేం యాడికి పోతం?"

"అమ్మెయ్యి. రేపే అమ్మెయ్యి దాన్ని" అన్నాను.

"వారం వారం ఇంట్లకొస్తడు భాయ్. యాడ పాయె అంటే ఏం చెప్పాలె?"

నా కోపం ఆయనకు ఒక పూట తిండి కూడా పెట్టదు. అది అర్థమయ్యాక మళ్ళీ లోపలికి పోయాను. హమాలీలు గుంజ పెకిలిస్తున్నారు. ఆవిడ పడుగును వదులు చేసి, దారం దారానికీ చిక్కు పడకుండా కర్రకు చుట్టుకుంటూ వస్తోంది. అంత గొడవలోనూ ఒక్క పోగు తెగనివ్వలేదు. నేను వైర్లు కలిపి టీవీ పెట్టాను. గోడంత మనిషి ముఖం వచ్చేసరికి వంట అర్ర గడపలో కూర్చున్న ముసలమ్మ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. ఆమెది రాయచూరు వైపు పుట్టిల్లు. "ఇష్టు దొడ్డదా!" అంది. ఇంత పెద్దదా అని. ఆ రోజు ఆ అర్రలో గది సంగతి, టీవీ సంగతి సరిగ్గా అన్నది ఆమె ఒక్కతే. టీవీ పక్కన నేతగాణ్ణీ భార్యనూ నిలబెట్టి, మధ్యలో సావుకారు నిలబడి ఫొటో దిగాడు. నవ్వమన్నారు, నవ్వారు.

ఇంటి మగ్గాన్ని మాన్పించి షెడ్డుకు రప్పించుకోవాలని సావుకారు కావాలనే చేశాడా అని నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. లేదు. ఆయన అంత దూరం ఆలోచించలేదు. కుట్ర చేసినవాడైతే కనీసం ఎదుటివాడి ఇల్లు ఎలా ఉందో ఒకసారి కొలుచుకుంటాడు. ఈయన తన పెద్దమనసు ఎంత పెద్దదో చూసుకుని మురిసిపోయాడు, అంతే. నాకు ఎక్కువ కోపం తెప్పించేది అదే.

సేటు నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. పని తెలిసినవాణ్ణి తీసేస్తే తనకే నష్టం. నాగర్‌కర్నూల్ దుకాణానికి పంపించాడు. కొన్నేళ్ళు అక్కడే ఉన్నాను. పలచటి టీవీలు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, గద్వాలలో రిపేరు చేసేవాడు మానేశాడని మళ్ళీ నన్ను పిలిపించారు. వచ్చిన కొత్తలోనే ఆ ఇంటి నుంచి కబురు వచ్చింది, టీవీ పోయిందని.

అర్ర అలాగే ఉంది. ఎదుటి గోడకు ఆ డబ్బా, దాని మీద పువ్వులు కుట్టిన గుడ్డ. గుంజ పీకిన చోట సిమెంటు పూశారు. గుంట మీద బండ పరిచారు గానీ, ఒక పక్క తెరిచే ఉంచారు. ఆవిడ ఆ అంచునే కూర్చుని, కాళ్ళు గుంటలోకి వేసుకుని ఉంది. ఆరిపోయిన టీవీ వైపు ముఖం. నా మంచాల లెక్క ప్రకారం ఇరవై తొమ్మిదికి సరిగ్గా అంత దూరం ఉండాలి. సేటు అన్నది నిజమే, లెక్క కుదిరింది. నా లెక్క మీద నాకే అసహ్యం వేసింది.

వెనక మూత తీసి చూశాను. పెద్ద రోగమేం లేదు. వోల్టేజీ ఎక్కువ తక్కువలకు ఒకచోట అతుకు వదిలింది. చాయ్ చల్లారేలోగా అయిపోయే పని.

"ఇప్పుడు కార్ఖాన నడుస్తలేదు అన్నా" అంది ఆవిడ. "మర మగ్గం చీరలొచ్చినయి గద. ఎవలి ఇంట్ల వాళ్ళు నేసుకోండ్రి, నూలు ఇస్త అంటుండు సావుకారు."

"మరి ఇంకేంది, గుంజ పాతుకోండ్రి."

"టీవీ ఉండె గద. తీసేస్తం అంటే, మేమిచ్చినదాన్ని తీసేస్తరా అన్నడు. ఏం చేయాల్నో తెల్వదు." నవ్వుతూనే అడిగింది. "అన్నా, దీన్ని జర చిన్నగ చేయొస్తదా? గుంజ పాతేటంత జాగ అయితే సాలు."

నా సర్వీసంతా పోయిన టీవీలకు ప్రాణం పోశాను. ఆ రోజు బతికున్నదాన్ని చంపాను. మూత బిగించి, వీధిలో పదిమందికి వినబడేలా చెప్పాను. "పిక్చర్ ట్యూబ్ పాయె చెల్లె. ఇగ ఇది పనికిరాదు. ఇంట్ల ఉంచితే పేల్తది." ఆవిడ నన్ను చూసింది, నేను ఆవిణ్ణి చూశాను. లేచి టీవీ మీది పువ్వుల గుడ్డ తీసి మడత పెట్టింది. అదే మాట సావుకారుకు చెప్పాను, సేటుకు చెప్పాను. ట్యూబ్ పోయిన టీవీకి ఎవరి పరువూ అడ్డం రాదు. మరునాడే హమాలీలను తెచ్చి దాన్ని మోయించుకుపోయాను. దాని విడిభాగాలు ఎన్ని టీవీలకు పనికొచ్చాయో చెబితే సేటు ఇప్పటికీ నా మీద కేసు పెడతాడు.

దుకాణంలో మూలపడిన పాత పద్నాలుగు అంగుళాలది ఒకటి బాగుచేసి, కొన్నాళ్ళకు తీసుకెళ్ళాను. అప్పటికి గుంజ పాతారు, పడుగు బిగించారు. ఆయన గుంటలో కూర్చున్నాడు. ఆవిడ పక్కన అంచు దగ్గర. టీవీని గూట్లో పెట్టాను, వేలెడు కూడా అటూ ఇటూ కాకుండా ఒదిగింది. బొమ్మ వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత ఒక పని సరిగ్గా అయిందని సంతోషపడుతూ వెనక్కి తిరిగాను.

ఆయన నాడె విసిరాడు. ఆవిడ దారం అందుకుంది, మెలేసింది, అది వదిలిపోయింది. ఆయన ఆగాడు. మళ్ళీ వేసింది. పట్టుదారం వేళ్ళలోంచి జారిపోయింది. ఒకప్పుడు చూడకుండా, తల ఎత్తి దించుతూ చేసిన పని అది. మూడోసారి పోగు తెగింది. గుంజ పీకిన రోజు ఒక్కటి కూడా తెగనివ్వని చేతులు.

"వేళ్ళు మర్చిపోయినయి" అంది, ఎవరితోనో చెప్పినట్టు.

ఆయన తెగిన పోగును ముడివేసి, నాడెను మొదటి చోటికి తెచ్చి, ఆవిడ కోసం ఆగాడు. ఆవిడ నా వైపు చూడకుండానే చెప్పింది.

"టీవీ బంద్ చెయ్యన్నా. ముందుగాల ఇది చేతికి రానీ."

బంద్ చేశాను.